ట్రామ్ పోస్టుకార్డుల సేకరణ – మూడో పాఠం: కార్డు వయసు కట్టడం

రెండో పాఠం చివర ఒక పని ఇచ్చాను. మీ దగ్గరున్న ట్రామ్ కార్డుల్లో ఒకదాన్ని తీసుకుని, వెనుక వైపు కనిపించే ప్రతి అక్షరాన్నీ, గీతనూ, ముద్రనూ ఒక కాగితం మీదికి దించుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోండి. ఇంకా చేయనివారు ముందు ఆ పని ముగించి రండి. దానితోపాటు మరో రెండు వస్తువులు కావాలి. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఒకటి, దుకాణాల్లో నోట్లు పరీక్షించే నీలి లైటు ఒకటి.

ముందు ఒక కార్డు సంగతి చెబుతాను. బొంబాయి వీధి, నడుమ రెండు గుర్రాలు లాగుతున్న ట్రామ్, పక్కన ఎడ్ల బండ్లు. వెనుక అయిదో జార్జి తలతో తపాలా బిళ్ల, దాని మీద 1913 అని తేటగా పడిన ముద్ర. నాకంటే ముందు ఆ కార్డు ఎవరి దగ్గర ఉండేదో గాని, మూలన పెన్సిలుతో ‘1913 నాటి బొంబాయి ట్రామ్’ అని రాసి పెట్టారు. చాలాకాలం నేనూ అదే నమ్మాను. బొంబాయిలో కరెంటు ట్రామ్ నడక మొదలైంది 1907 మే 7న అని తెలిశాక గాని అనుమానం రాలేదు. 1913లో ఆ వీధిలో గుర్రాలు లాగే ట్రామ్ లేదు. ఫొటో తీసినది 1907కు ముందు. కార్డు ఏళ్ల తరబడి ఏ దుకాణం అరలోనో ఉండి, చివరకు 1913లో ఎవరో కొని పోస్టు చేశారు.

ఒకే కార్డుకు మూడు తేదీలు ఉంటాయి: ఫొటో తీసినది, అచ్చయినది, తపాలా పెట్టెలో పడినది. తపాలా ముద్ర మూడోదాన్ని మాత్రమే చెబుతుంది. మనం సేకరిస్తున్నది ట్రామ్ కార్డులు కాబట్టి మనకు అన్నిటికంటే ముఖ్యమైనది మొదటిది. దాన్ని చెప్పగల నమ్మకమైన సాక్షి బొమ్మలోని ట్రామే.

రెండు హద్దులు

వయసు కట్టడమంటే ఒక సంవత్సరాన్ని ఊహించడం కాదు, రెండు హద్దులు గీయడం. ‘ఇంతకు ముందు కాదు’ అనేది ఒకటి, ‘దీని తరువాత కాదు’ అనేది రెండోది. కార్డు మీద దొరికే ప్రతి ఆధారాన్నీ ఈ రెండింట్లో ఏదో ఒక వైపు రాసుకుంటూ పోవాలి. ఆధారాలు పెరిగేకొద్దీ మధ్యనున్న జాగా సన్నబడుతుంది. ఆరేళ్ల జాగాకు వస్తే మంచి ఫలితం, రెండేళ్లకు వస్తే గొప్ప ఫలితం. సన్నబడనప్పుడు బలవంతంగా సంవత్సరం అంటగట్టకండి. పన్నెండేళ్ల జాగా ఉన్నా నిజమైన జాగా అయితే చాలు.

బొమ్మతో మొదలుపెట్టాలి

ట్రామును దేనితో లాగుతున్నారో చూడండి. కలకత్తాలో గుర్రపు ట్రామ్ తొలిసారి 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్ వరకు నడిచింది. ఆదరణ లేక అదే ఏడాది నవంబరులో ఆగిపోయింది. 1880లో కొత్త కంపెనీ ఏర్పడి మళ్లీ గుర్రాలతో నడిపింది. కరెంటు ట్రామ్ 1902 మార్చి 27న ఎస్‌ప్లనేడ్ నుంచి కిదర్‌పూర్‌కు వచ్చింది. అంటే కలకత్తా వీధిలో తీగ కింద నడిచే ట్రామ్ కనిపిస్తే ఆ ఫొటో 1902కు ముందుది కాదు. బొంబాయిలో రెండంతస్తుల ట్రామ్ కనిపిస్తే 1920కి ముందుది కాదు, అవి ఆ ఏడాదే వచ్చాయి. బొంబాయి ట్రామ్ ఏదైనా సరే 1964 మార్చి 31 తరువాతది కాదు, ఆ రాత్రితో అక్కడ ట్రాములు ముగిశాయి.

మద్రాసు సంగతి కాస్త నిలిచి చెప్పాలి. అప్పట్లో తెలుగు జిల్లాల నుంచి చదువుకో, కోర్టు పనికో, వ్యాపారానికో వెళ్లినవారు ఎక్కిన ట్రామ్ అది. భారతదేశంలో మొట్టమొదటి కరెంటు ట్రామ్ అక్కడే 1895 మే 7న నడిచింది. అప్పుడు తల మీద తీగ లేదు. రెండు పట్టాల మధ్య సన్నని గాడి ఒకటి ఉండేది, కరెంటు దాని అడుగు నుంచి వచ్చేది. వానాకాలం గాడిలో నీరు చేరి ఇబ్బంది పెట్టడంతో తరువాత తల మీది తీగకు మారారు. అందుకని మద్రాసు కార్డు చేతికి రాగానే భూతద్దంతో ముందు పట్టాల మధ్య చూడండి, తరువాత ట్రామ్ పైకప్పు మీద చూడండి. అక్కడి నుంచి తీగను అందుకునే పొడవైన కర్ర లేచి ఉంటే అది తొలి ఏళ్ల ఫొటో కాదు. గాడి మాత్రమే ఉండి తీగ లేని మద్రాసు కార్డు నా కంట ఇంతవరకు పడలేదు. మీకు పడితే ధర గురించి రెండుసార్లు ఆలోచించకండి.

మద్రాసు ట్రాములు 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. మద్రాసు నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ ఏడాదే, అక్టోబరు 1న. ఇలా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతికి ముడిపెట్టుకుంటే హద్దులు మరచిపోం.

ఇక్కడ రెండు హెచ్చరికలు. ఒకటి, పాత కార్డుల ప్రచురణకర్తలు బొమ్మ అందంగా ఉండాలని తీగలనూ స్తంభాలనూ చెరిపించేవారు. కాబట్టి తీగ కనిపించడం ఆధారం, కనిపించకపోవడం ఆధారం కాదు. వీధిలో మోటారు కారు లేనంత మాత్రాన కార్లు రాని కాలమని తేల్చడమూ ఇలాంటి పొరపాటే. ఆ క్షణాన ఆ దారిన కారు రాలేదేమో. రెండు, రంగును నమ్మకండి. నలుపు తెలుపు ఫొటోకు ఎక్కడో జర్మనీలోని అచ్చుశాలలో రంగులు వేసేవారు. ఆ వేసినవారు మద్రాసు చూసి ఉండరు. ట్రామ్ ఎర్రగా ఉంటే అక్కడ ఎరుపు రంగు అద్దారని మాత్రమే తెలుస్తుంది.

కొన్ని ఊళ్లలో ట్రామ్ సాక్ష్యం పనికిరాదు. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ సెయింట్ చార్లెస్ మార్గంలో 1923–24లో తయారైన పెర్లీ థామస్ బళ్లే ఈనాటికీ తిరుగుతున్నాయి. ముప్పైల నాటి కార్డులోనూ నిన్నటి కార్డులోనూ బండి ఒకటే. అలాంటప్పుడు పక్కనున్న కార్లను, అంగళ్ల పలకలను, మనుషుల దుస్తులను అడగాలి. దీనికి పూర్తి విరుద్ధం పి.సి.సి. రకం బండి. నున్నగా, గుండ్రని ముఖంతో ఉండే ఈ బండి 1936లో బ్రూక్లిన్‌లో మొదట సేవలోకి వచ్చింది. ఏ అమెరికా కార్డులోనైనా అది కనిపించగానే ‘1936కు ముందు కాదు’ అని రాసేసుకోవచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో కార్డుల్లో గాడి కనిపిస్తే మద్రాసు గాడి అనుకోకండి. అక్కడ కొండల మీద నడిచేది కేబుల్ కారు, గాడి కింద పరుగెత్తేది ఇనుప తాడు. ఇంటి పక్క పాత వస్తువుల దుకాణంలో కార్డులు వెతికే అమెరికా తెలుగువారు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

వెనుక వైపు

మీరు దించుకున్న కాగితం ఇప్పుడు తీయండి. నడుమ నిలువు గీత ఉందా? తొలి రోజుల్లో వెనుక వైపు మొత్తం చిరునామాకే. కబురు రాయాలంటే ముందు వైపు బొమ్మ అంచున ఇరికించాల్సిందే. గీత పెట్టి ఎడమ సగం కబురుకు వదలడానికి బ్రిటన్ 1902లో, జర్మనీ 1905లో, అమెరికా 1907లో అనుమతించాయి. కాబట్టి గీత ఉన్న కార్డు 1902కు ముందు అచ్చయినది కాదు. గీత లేకపోతే చాలావరకు పాతదే, కాని మిగిలిపోయిన సరుకు ఏళ్ల తరబడి అమ్ముడుపోయేదన్నది మరవకండి.

తరువాత ప్రచురణకర్త పేరు. మద్రాసు కార్డుల మీద హిగిన్‌బోథమ్స్, స్పెన్సర్, వీల్ అండ్ క్లైన్ పేర్లు తరచు కనిపిస్తాయి. లండన్‌కు చెందిన రాఫేల్ టక్ కంపెనీ భారతదేశపు దృశ్యాలు చాలా వేసింది. ఏ కార్డు ఏ ఏడు అచ్చయిందో వాళ్ల ఖాతా పుస్తకాలు చూసి తేల్చే వీలు మనకు లేదు. 1940 డిసెంబరు 29 రాత్రి లండన్ మీద పడిన బాంబులకు వాళ్ల కార్యాలయం కాలిపోయింది, ఖాతాలూ దానితోపాటే పోయాయి. ఒక్క రాత్రిలో ఎన్ని లక్షల కార్డుల చరిత్ర పోయిందోనని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ‘సాక్సనీలో అచ్చయినది’ (సాక్సనీ జర్మనీలోని ఒక ప్రాంతం), ‘జర్మనీలో అచ్చయినది’ అనే మాట ఉంటే చాలావరకు 1914కు ముందుది, మొదటి ప్రపంచ యుద్ధం ఆ వ్యాపారాన్ని తెంచేసింది.

అమెరికా కార్డులకు ఒక వరం ఉంది. షికాగోలోని కర్ట్ టైక్ కంపెనీ వేసిన, నేత గుడ్డలా గరుకుగా ఉండే కార్డుల మీద చిన్న సంకేతం ఉంటుంది. ఒక అంకె, దాని పక్కన ఎ, బి, సి అక్షరాల్లో ఒకటి. ఎ అంటే ముప్పైలు, బి అంటే నలభైలు, సి అంటే యాభైలు. 5ఎ అని ఉంటే 1935, 2బి అని ఉంటే 1942. అచ్చయిన ఏడు మాత్రమే ఇది, ఫొటో అంతకంటే పాతదై ఉండవచ్చు.

తెలుగువారు రాసిన కార్డుకు మరెవరికీ అందని ఒక ఆధారం ఉంటుంది. మన పెద్దలు ఉత్తరం పైన సంవత్సరం పేరు రాసేవారు. పరాభవ అంటే 1906 ఉగాది నుంచి 1907 ఉగాది వరకు, లేదంటే అరవై ఏళ్లు ముందుకు జరిపి 1966–67. రెండింట్లో ఏదన్నది మిగతా ఆధారాలు తేలుస్తాయి. తపాలా బిళ్ల ఊడిపోయినా, ముద్ర అలికిపోయినా, కబురు పైన ‘కీలక’ అన్న మూడక్షరాలు ఉంటే 1908–09 గాని 1968–69 గాని అని చెప్పేయవచ్చు. అమ్మేవారికి తెలుగు రాకపోతే ఆ సంగతి తెలిసే దారే లేదు. బిళ్ల పోయిందని ధర తగ్గించి పెడతారు.

అచ్చు, కాగితం

భూతద్దంతో ఆకాశం ఉన్న చోట చూడండి. వరుసలు తీరిన చుక్కలు కనిపిస్తే యంత్రపు అచ్చు. వరుస లేకుండా, ముడతలు పడిన చర్మంలా సన్నని గరుకు కనిపిస్తే కొలోటైపు అనే పాత అచ్చు పద్ధతి. యుద్ధానికి ముందటి జర్మన్ కార్డుల్లో ఎక్కువ ఇదే. ఏమీ కనిపించక, నలుపు నుంచి బూడిద రంగులోకి నున్నగా జారిపోతే అది నిజమైన ఫొటో కాగితం. పాత ఫొటో కార్డును వాల్చి పట్టుకుంటే నల్లని చోట్ల వెండి పూతలా మెరుస్తుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఒక పది నిమిషాలు చూస్తే కన్ను అలవాటు పడుతుంది. వర్ణించి చెప్పడం కంటే చూడడమే మేలు.

ఇక నీలి లైటు. గది చీకటి చేసి కార్డు మీద వేయండి. సుమారు 1950 నుంచి కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది. పాత కాగితం మెరవకుండా మసకగా ఉండిపోతుంది. 1910 నాటిదని చెప్పి ఇస్తున్న కార్డు మిలమిల మెరిసిందంటే అది తిరిగి అచ్చువేసినదే.

తిరిగి అచ్చువేసినవి సేకరించడంలో తప్పు లేదు, నేనూ దాచుకుంటాను. పాత కార్డు ధరకు కొనడమే తప్పు. కొత్త కార్డుల హద్దులు తేలిక. మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది, అమెరికాలో జిప్‌కోడ్ 1963 జులై 1న. ప్రచురణకర్త చిరునామాలో అవి ఉన్నాయేమో చూస్తే చాలు. ఊరి పేరూ చెబుతుంది. ముంబై అన్న పేరు 1995లో, చెన్నై 1996లో, కోల్‌కతా 2001లో వచ్చాయి.

ఈ వారం పని

మూడు కార్డుల వివరాలు ఇస్తున్నాను. ప్రతిదానికీ ఫొటోకు, అచ్చుకు, తపాలాకు విడివిడిగా హద్దులు గీయండి. తెలియనిచోట ఖాళీ వదలండి.

మొదటిది: హౌరా వంతెన మీద ట్రామ్, రంగుల ఫొటో, ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల కోడ్, తపాలా బిళ్ల లేదు. ఈ ఇనుప వంతెన 1943 ఫిబ్రవరిలో తెరిచారు, దాని మీద ట్రాములు 1993లో ఆపేశారు.

రెండోది: మద్రాసు మౌంట్ రోడ్డు, పైకప్పు మీద కర్ర ఉన్న ట్రామ్, జట్కాలు. వెనుక నడిమి గీత, ‘సాక్సనీలో అచ్చయినది’ అన్న చిన్న అక్షరాలు. బిళ్ల ఎవరో చింపేశారు. కబురు తెలుగులో, పైన ‘సౌమ్య ఆషాఢ బహుళ’ అని ఉంది. 1909 అనాలో 1969 అనాలో కారణంతో రాయండి. నెల కూడా చెప్పగలిగితే మరీ మంచిది.

మూడోది: గోధుమ రంగు పాత బొమ్మలో మద్రాసు ట్రామ్, కింద ఇంగ్లీషులో చెన్నై అని పేరు, నీలి లైటులో మెరుపు. దీనికి ఫొటో హద్దులు, అచ్చు హద్దులు ఎంత దూరంగా వస్తాయో చూడండి.

జవాబులను కార్డు మీద మాత్రం రాయకండి, పెన్సిలుతోనైనా సరే. విడి చీటీ మీద రాసి కార్డుతో పాటు ఒకే సంచిలో ఉంచండి. ఆ సంచి ఏ ప్లాస్టిక్‌తో చేసినదై ఉండాలన్నది నాలుగో పాఠంలో.