చిన్న ఆఫీసుకి వైఫై ఎలా ప్లాన్ చేసుకోవాలి? డ్రిల్లు పట్టుకునే ముందు చేయాల్సిన పని

విశాఖలో చిన్న ఆఫీసులకి నెట్‌వర్క్ వేసిపెట్టడం నా పని. నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి: "ఏటండీ, మొన్ననే ఖరీదైన రౌటర్ కొన్నాం, అయినా వెనక గదిలో సిగ్నల్ లేదు." వెళ్లి చూస్తే ఆ రౌటర్ ఓనరుగారి క్యాబిన్‌లో ఇనప బీరువా మీద ఉంటుంది. ఫైబర్ లైను ఆ కిటికీలోంచి లోపలికొచ్చింది కాబట్టి రౌటర్ కూడా అక్కడే ఉండిపోయింది. తప్పు రౌటర్‌ది కాదు, దాన్ని పెట్టిన చోటుది. చోటు సరిగా చూసుకుంటే మామూలు పరికరంతోనే ఆఫీసంతా హాయిగా నడుస్తుంది. చూసుకోకపోతే ఎంత పెట్టి కొన్నా వృథా.

పది నుంచి ముప్పై మంది పనిచేసే ఆఫీసుని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సిరిపురంలో ఆఫీసుగా మార్చిన మూడు పడకగదుల ఫ్లాటైనా, ద్వారకానగర్‌లో కాంప్లెక్సులో ఒక అంతస్తైనా పద్ధతి ఒకటే.

ముందు లెక్క

మనుషుల్ని కాదు, పరికరాల్ని లెక్కపెట్టండి. ఒక్కొక్కరికి ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోన్. ఆపైన ప్రింటరు, హాజరు వేసే బయోమెట్రిక్ మిషను, మీటింగ్ గదిలో టీవీ. ఇరవై మంది ఉంటే యాభై దాకా తేలతాయి. ఇందులో కదలనివి ఏవో చూసి వాటికి కేబుల్ వేసేయండి. డెస్క్‌టాప్, ప్రింటరు, సీసీ కెమెరాల రికార్డరు వైఫై మీద ఉండకూడదు. గాలిలో ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు, మిగతావాళ్లు వంతు కోసం ఆగాలి. కేబుల్ మీదకి వెళ్లిన ప్రతి పరికరం మిగతావాళ్ల వంతుని ముందుకి జరుపుతుంది.

ఇంటర్నెట్ లైను విషయంలో కంగారు వద్దు. మంచి నాణ్యత ఉన్న వీడియో కాల్ ఒకటి 3, 4 ఎంబీపీఎస్ మించి అడగదు. ఎనిమిది కాల్స్ ఒకేసారి నడిచినా ముప్పై చిల్లర. 100 ఎంబీపీఎస్ లైను చాలు. ఇంకా పెద్ద ప్లాన్‌కి మారబోయే ముందు ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చి స్పీడ్ చూడండి. కేబుల్‌లో బాగుండి వైఫైలో బాగోకపోతే ప్లాన్ మార్చి లాభం లేదు. డబ్బు మిగిలితే రెండో కంపెనీ లైను ఒకటి తీసుకోండి. 2014లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. రెండు లైన్లూ ఒకే స్తంభం మీదుగా రాకుండా చూసుకోండి.

సామాను

సీలింగుకి బిగించే వైఫై 6 యాక్సెస్ పాయింట్లు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు) రెండు, కేబుళ్లన్నీ వచ్చి కలిసే ఒక పీఓఈ స్విచ్, ఒక రౌటర్, నిఖార్సైన రాగి క్యాట్ 6 కేబుల్, వీటన్నిటికీ కలిపి ఒక యూపీఎస్. అంతే. పీఓఈ అంటే కరెంటు కూడా నెట్ కేబుల్‌లోనే వెళ్తుంది కాబట్టి స్విచ్ దగ్గర ఒక్క యూపీఎస్ ఉంటే కరెంటు పోయినా వైఫై ఆగదు. మీ యాక్సెస్ పాయింట్ 15.4 వాట్ల రకం అడుగుతుందో, 30 వాట్ల రకం అడుగుతుందో పెట్టె మీద చూసి దానికి తగ్గ స్విచ్ కొనండి. ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. ఆరేడు యాంటెన్నాలు నిలబడ్డ గేమింగ్ రౌటర్ మాత్రం ఆఫీసుకి వద్దు.

రిపీటర్ కొనకండి. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ ప్రతి మాటనీ ఒకసారి విని, మళ్లీ అదే ఛానల్ మీద ఇంకోసారి చెప్పాలి. అంటే వేగం అక్కడే సగం. పైగా దాన్ని సిగ్నల్ లేని చోటే పెడతారు. తనకే సరిగా వినపడని చోట కూర్చుని అది ఎవరికి ఏం చెప్పగలదు? మెష్ అని అమ్మేవి ఇంతకంటే నయమే, కానీ అవీ ఒకదాంతో ఒకటి గాలిలోనే మాట్లాడుకుంటాయి. అద్దె ఇల్లు, గోడకి రంధ్రం పెట్టనివ్వరు అంటే మెష్ పెట్టుకోండి. సొంత ఆఫీసులో, ఫాల్స్ సీలింగు ఉన్న చోట కేబుల్ లాగడానికి ఒక పూట చాలు. ప్రతి యాక్సెస్ పాయింటుకీ స్విచ్ నుంచి దాని కేబుల్ దానికి రావాలి.

అసలు పని: చోటు చూడడం

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా పనుల్లో పొరపాటు జరిగితే సాయంత్రానికి సరిదిద్దుకోవచ్చు. చోటు తప్పితే సీలింగు మళ్లీ విప్పాలి.

ముందు ఒక కాగితం మీద ఆఫీసు ప్లాన్ గీయండి. కొలతలు ఉజ్జాయింపుగా ఉన్నా చాలు, గోడలు మాత్రం సరిగా ఉండాలి. ఏ గోడ దేనితో కట్టిందో దాని పక్కనే రాయండి. జిప్సం బోర్డు, చెక్క పార్టిషన్ దాటితే పెద్ద నష్టం లేదు. ఇటుక గోడ దాటితే సిగ్నల్ బలం నాలుగో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. కాంక్రీటు గోడ, స్తంభం, లిఫ్టు గోడ అంతకంటే ఎక్కువ తినేస్తాయి. ఫ్లాట్లని ఆఫీసులుగా మార్చిన చోట అందరూ మరిచిపోయేది బాత్రూమ్. రెండు గోడలు, టైల్స్, అద్దం, పైపుల్లో నీళ్లు, ఇన్ని దాటి అవతలి గదిలోకి వెళ్లేసరికి ఏమీ మిగలదు. బాత్రూమ్‌ని గోడగా కాక, పెద్ద బండరాయిగా ఊహించుకోండి.

అద్దాలతో మరీ జాగ్రత్త. మామూలు గాజు ఏమీ చేయదు. ఎండ ఆపే ఫిల్మ్ వేసిన గాజు వేరు, కొన్ని ఫిల్ముల్లో సన్నటి లోహపు పొర ఉంటుంది. గాజువాకలో ఒక ఆఫీసుకి పనిచేసినప్పుడు గాజు మీటింగ్ గదిలో సిగ్నల్ మైనస్ 58 వచ్చింది (ఈ అంకెల సంగతి కింద చెబుతాను, ఇది మంచి అంకె), సంతోషంగా బిగించి వచ్చేశాను. వారం తర్వాత వాళ్లు గాజుకి ఫిల్మ్ వేయించారు. మళ్లీ వెళ్లి కొలిస్తే మైనస్ 74. ఫిల్మ్ వేస్తారా అని అడగకపోవడం నా తప్పు. ఆ గదికి ఇంకో యాక్సెస్ పాయింట్ నా ఖర్చుతోనే పెట్టాను. ఇప్పుడు ఇంటీరియర్ పని మొత్తం అయ్యాకే, కనీసం ఏం రాబోతోందో రాసిచ్చాకే కొలత మొదలుపెడతాను.

ఈ మైనస్ అంకెల గురించి ఒక మాట. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో చెబుతారు. సున్నాకి దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 80 అంటే ఉన్నా లేనట్టే. ప్రతి 3 డీబీకి బలం సగం అవుతుంది, అంటే మైనస్ 67కీ మైనస్ 70కీ మధ్య సగానికి సగం తేడా. వీడియో కాల్స్ తెగకుండా నడవాలంటే ప్రతి కుర్చీ దగ్గరా మైనస్ 67 గానీ అంతకంటే మెరుగ్గా గానీ రావాలి. నేను 65 అడుగుతాను. ఫోన్లో కనిపించే గీతల్ని నమ్మకండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఏదైనా వేసుకుంటే అంకె కనిపిస్తుంది.

ఇప్పుడు కొలత. యాక్సెస్ పాయింట్‌ని ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడ, సీలింగు ఎత్తులో, నిచ్చెన మీదో కర్రకి కట్టో నిలబెట్టండి. టేబుల్ మీద పెట్టి కొలిస్తే అది కొలతే కాదు. పొడుగు కేబుల్‌తో స్విచ్‌కి కలపండి. తలుపులన్నీ మూసేయండి, ఎందుకంటే ఏసీ ఆఫీసులో అవి రోజంతా మూసే ఉంటాయి. తర్వాత ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లండి. ఫోన్‌ని ఎత్తి పట్టుకోకుండా టేబుల్ ఎత్తులో ఉంచండి. పదిహేను, ఇరవై సెకన్లు ఆగండి, అంకె కుదురుకుంటుంది. ఒకసారి యాక్సెస్ పాయింట్ వైపు తిరిగి చూడండి, ఒకసారి వీపు పెట్టి చూడండి. మనిషి ఒళ్లు సగానికి పైగా నీళ్లే కాబట్టి అదీ సిగ్నల్‌ని తాగుతుంది. రెండింటిలో తక్కువ వచ్చిన అంకెని ప్లాన్ మీద ఆ కుర్చీ దగ్గర రాయండి. ఎక్కువ వచ్చింది రాసుకుని సంబరపడితే రేపు నిండిన ఆఫీసులో మోసపోతారు.

అది అయ్యాక రెండో చోటుకి మార్చి మళ్లీ మొదటి కుర్చీ నుంచి. అవును, అన్నీ. రెండు గంటల పని, విసుగ్గానే ఉంటుంది. నేను చూసిన చెడ్డ నెట్‌వర్కులన్నీ ఆ రెండు గంటలు మిగుల్చుకున్నవే.

పెట్టకూడని చోట్లు: ఫాల్స్ సీలింగు పైన దాచడం, ఏసీ డక్టు పక్కన, బీము చాటున, సర్వర్ గదిలో. వరండా కూడా వద్దు. పొడుగాటి వరండాలో రెండు యాక్సెస్ పాయింట్లు పెడితే అవి గదుల్లో వాళ్లకంటే ఒకదాన్నొకటి బాగా వింటాయి. మనుషులు ఎక్కడ కూర్చుంటే అక్కడ, వాళ్ల నెత్తి మీద ఉండాలి. కరెంటు సామానంతా ఆగ్నేయంలో ఉండాలని కొందరు ఓనర్లు పట్టుబడతారు. ర్యాక్, స్విచ్, యూపీఎస్ నిరభ్యంతరంగా ఆగ్నేయంలో పెట్టుకోండి. యాక్సెస్ పాయింట్లు కేబుల్ మీద వెళ్తాయి కాబట్టి వాటిని మాత్రం కొలత చెప్పిన చోట ఉండనివ్వండి.

పవర్ పెంచకండి, తగ్గించండి

చోటు కుదిరాక అందరూ చేసే తప్పు పవర్‌ని "హై"లో పెట్టడం. మీరు మైకులో మాట్లాడితే వెనక వరసలో వాళ్లకి వినపడుతుంది, నిజమే. కానీ వాళ్ల దగ్గర మైకు లేదు. ఫోన్‌లో ఉండే చిన్న రేడియో యాక్సెస్ పాయింటంత గట్టిగా అరవలేదు. అందుకే ఫోన్లో నిండు గీతలు కనిపిస్తాయి, కాల్‌లో మీ గొంతు మాత్రం అవతలివాళ్లకి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఇంకో ఇబ్బంది: మీటింగ్ గదిలోకి నడిచొచ్చిన ల్యాప్‌టాప్ నెత్తి మీదున్న యాక్సెస్ పాయింట్‌ని వదిలి, అవతలి గదిలో గట్టిగా వినపడుతున్న పాతదాన్నే పట్టుకుని వేలాడుతుంది.

వైఫై రెండు బ్యాండ్ల మీద నడుస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో పవర్ 14 నుంచి 17 డీబీఎం మధ్య పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో దానికంటే 6, 7 తక్కువ, ఎందుకంటే అది సహజంగానే ఎక్కువ దూరం వెళ్తుంది. కొలత కూడా ఇదే పవర్‌తో చేయాలి. నిండు పవర్‌తో కొలిచి తర్వాత తగ్గిస్తే రాసుకున్న అంకెలన్నీ దండగ.

ఛానళ్లు

"ఆటో" వద్దు, మీరే పెట్టండి. 2.4లో ఛానళ్లు 1, 6, 11 మాత్రమే, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మాత్రమే. పక్క ఆఫీసువాడు 3లో ఉన్నాడు కదా అని మీరు 4లోకి వెళితే ఇద్దరూ పాడవుతారు. ప్రింటర్లు, బయోమెట్రిక్ మిషన్లు చాలావరకు 2.4 ఒక్కటే ఎరుగుతాయి, వాటికి అది వదిలేయండి. మనుషులు 5 మీద ఉండాలి.

5లో 36 నుంచి 48, 149 నుంచి 161 వాడండి. 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో, అంటే రెండేసి ఛానళ్లు కలిపి, నాలుగు జతలు దొరుకుతాయి, చిన్న ఆఫీసుకి చాలు. 80 పెడితే రెండే మిగులుతాయి, పక్కవాళ్లతో కలిసి కొట్టుకోవడమే. 2018లో మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకా చాలా భాగం లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచారు. అందులో 52 నుంచి 144 దాకా రాడార్లతో పంచుకోవాల్సినవి. రాడార్ అనిపిస్తే యాక్సెస్ పాయింట్ పది సెకన్లలో ఛానల్ ఖాళీ చేయాలి, అరగంట దాకా వెనక్కి రాకూడదు. తూర్పు నౌకాదళం, ఐఎన్ఎస్ డేగా రన్‌వే ఊళ్లోనే ఉన్నాయి. ఇంకో ఊళ్లో ఏమో గానీ విశాఖలో నేను వాటి జోలికి వెళ్లను. దేశం సెట్టింగ్ "ఇండియా" అనే ఉండాలి. విదేశం నుంచి ఎవరో తెచ్చిచ్చిన పరికరమైతే ఇది తప్పక చూడండి.

కేబుల్, మిగతావి

కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. రాగి పూత వేసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది, దాని మీద పీఓఈ నడపకండి, వేడెక్కుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడిపోతాయి. బంగారు పూత మందంగా ఉన్న కనెక్టర్లే వేయించండి. వాన పడితే వైఫై నెమ్మదిస్తుందని చాలామంది అంటారు. ఆఫీసు లోపల వైఫైని వాన ఏమీ చేయదు. తడిసింది బయట కనెక్టరో, ఫైబర్ జాయింటో అయి ఉంటుంది, అక్కడ వెతకండి.

సెట్టింగులు పది నిమిషాల పని. రెండు యాక్సెస్ పాయింట్లకీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. పేర్లు మొత్తం మూడు మించకూడదు: సిబ్బందికి ఒకటి, అతిథులకి ఒకటి, మిషన్లకి ఒకటి. ప్రతి పేరూ సెకనుకి పదిసార్లు తన ఉనికిని చాటుకుంటూ గాలిని వాడుకుంటుంది. అతిథులది వేరే వీల్యాన్‌లో (అదే కేబుళ్ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్) ఉంచండి, మీ ట్యాలీ సర్వర్ వాళ్లకి కనపడకూడదు. పాస్‌వర్డ్ భద్రత రకం డబ్ల్యూపీఏ3 పెట్టండి, పాత పరికరాలుంటే డబ్ల్యూపీఏ2. పాస్‌వర్డ్ కొట్టకుండానే కలిపేసే డబ్ల్యూపీఎస్ బటన్ ఆపేయండి.

బిగించాక, అందరూ వచ్చి కూర్చున్న రోజున, పదకొండు గంటలప్పుడు మళ్లీ అవే కుర్చీల దగ్గర కొలవండి. పాత అంకె పక్కన కొత్తది వేరే రంగులో రాయండి. ఆరు, ఏడు తేడా ఉన్న చోట ఏం మారిందో చూడండి, సాధారణంగా కొత్తగా వచ్చిన బీరువా కనిపిస్తుంది. ఆ కాగితం మీద తేదీ, ఛానళ్లు, పవర్ రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అతికించండి. ఏడాది తర్వాత వచ్చే మనిషి, అది నేనైనా ఇంకెవరైనా, ముందు దాన్నే చూస్తాడు.