పైలట్ కావాలనుకునే మన ఓరుగల్లు పిల్లలకు: ఏది ముందు, ఏది తర్వాత

ముందు మెడికల్, తర్వాత పరీక్షలు, ఆ తర్వాత ఫ్లయింగ్ స్కూలు. ఫీజు అన్నిటికన్నా చివర. పైలట్ ట్రైనింగ్ గురించి నన్ను అడిగే ప్రతి ఇంట్లోనూ మొదట చెప్పేది ఈ వరుసే. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో కలిసే తల్లిదండ్రులు మాత్రం చాలామంది దీన్ని తలకిందులు చేసుకుని వస్తారు. ఎకరం భూమి బేరానికి పెట్టి, ఎవరో ఏజెంటుకు అడ్వాన్సు కట్టేసి, "ఇప్పుడేం జెయ్యాలె మేడం?" అంటారు. పిల్లాడి కళ్ళు రంగులు గుర్తుపడతాయో లేదో అప్పటికింకా ఎవరూ చూసి ఉండరు.

నాది కాజీపేట. మా నాన్న రైల్వేలో లోకో పైలట్. నేను ఎయిర్‌బస్ 320 మీద కెప్టెన్‌ని. ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి, జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

అక్కా, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?

ఎంపీసీ. డీజీసీఏ, అంటే పౌర విమానయాన డైరెక్టరేట్, కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, అంటే జీతానికి విమానం నడపడానికి కావలసిన లైసెన్సుకు, అడిగేది ఇంటర్‌లో ఫిజిక్సు, మ్యాథ్స్. బైపీసీ, సీఈసీ చదివినవాళ్ళు నిరుత్సాహపడనక్కర్లేదు, ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూలు ద్వారా ఆ రెండు సబ్జెక్టులు విడిగా రాసి పాసైనవాళ్ళు ఎందరో ఉన్నారు. ఇంజినీరింగ్ చేసి రావాలా అని అడుగుతారు. అవసరం లేదు. చేసి వస్తే నష్టమూ లేదు, ఉద్యోగం దొరికేదాకా చేతిలో ఇంకో పని ఉంటుంది.

స్టూడెంట్ పైలట్ లైసెన్సు 16 ఏళ్ళకు, ప్రైవేటు లైసెన్సు 17కు, కమర్షియల్ లైసెన్సు 18కి తీసుకోవచ్చు. 30 దాటినవాళ్ళు కూడా వస్తారు. ఎయిర్‌లైన్‌లో 65 ఏళ్ళ వరకు నడపొచ్చు కాబట్టి, ఎంత ఆలస్యంగా మొదలుపెడితే సంపాదించే ఏళ్ళు అంత తగ్గుతాయని లెక్క వేసుకోండి.

ఇంకో చిన్న పని ఇప్పుడే చేయండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాస్‌పోర్టు నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. మన దగ్గర ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో చివర, మరోదాంట్లో ఒక్క అక్షరంగా మిగులుతుంది. డీజీసీఏ పరీక్షలకు కంప్యూటర్ నంబరు, అంటే అభ్యర్థిగా మీ గుర్తింపు నంబరు, తీసుకునేటప్పుడు ఈ తేడాలే నెలల తరబడి తిప్పుతాయి. అన్నిట్లో ఒకే స్పెల్లింగు ఉండేలా సరిచేయించుకున్నాకే అప్లికేషను పెట్టండి.

కళ్ళద్దాలుంటే పైలట్ కాలేమా?

కావచ్చు. అద్దాలతో చూపు నిర్ణీత ప్రమాణానికి వస్తే చాలు. నాతో ఎగిరేవాళ్ళలో అద్దాలు పెట్టుకునేవాళ్ళు చాలామంది. అసలు అడ్డుపడేది రంగుల గుర్తింపు. చుక్కల బొమ్మల్లో అంకె కనిపెట్టే ఇషిహారా పరీక్ష అందుకే పెడతారు. దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గర కొద్ది నిమిషాల్లో అయిపోయే పని అది. ఈ వారమే చేయించండి.

అసలు మెడికల్ రెండు దశల్లో ఉంటుంది. మొదటిది క్లాస్ 2. డీజీసీఏ జాబితాలో ఉన్న డాక్టర్లే చేయాలి, హైదరాబాద్‌లో ఉన్నారు. రక్తం, మూత్రం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, చెవి, కన్ను అన్నీ చూస్తారు. ఖర్చు వేలల్లోనే. రెండోది క్లాస్ 1. కమర్షియల్ లైసెన్సుకు ఇదే కావాలి. బెంగళూరు, ఢిల్లీలలోని వైమానిక దళ వైద్య కేంద్రాల్లో, డీజీసీఏ అనుమతి ఉన్న మరికొన్ని చోట్ల చేస్తారు. కొన్ని స్కూళ్ళు క్లాస్ 2తోనే చేర్చుకుంటాయి. మీరు మాత్రం క్లాస్ 1 చేతికొచ్చేదాకా పెద్ద మొత్తం కట్టకండి. లక్షలు ఖర్చయ్యాక గుండెలోనో చెవిలోనో ఏదో ఉందని తేలితే ఆ డబ్బు వెనక్కి రాదు.

"టెంపరరీ అన్‌ఫిట్" అని రాస్తే ఏడవకండి. బరువు, బీపీ, రక్తం తక్కువ ఉండటం లాంటివి సరిచేసుకుని మళ్ళీ వెళ్ళొచ్చు. ఆడపిల్లలు హిమోగ్లోబిన్ ముందే చూయించుకుని వెళ్ళండి. ఏ జబ్బూ దాచకండి. లైసెన్సు వచ్చాక కూడా ఏటా మెడికల్ ఉంటుంది, అరవై దాటితే ఆరు నెలలకోసారి.

పరీక్షలు ఎంత కష్టం?

నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమానాలు, ఇంజిన్లు పనిచేసే తీరు గురించి టెక్నికల్ జనరల్, మీరు నడిపే విమానం గురించి టెక్నికల్ స్పెసిఫిక్. ఇవి గాక రేడియో టెలిఫోనీ, అంటే రేడియోలో మాట్లాడే పద్ధతి. డీజీసీఏ పేపర్లలో పాస్ మార్కు 70 శాతం, నెగెటివ్ మార్కులు లేవు. రేడియో పరీక్ష చాలాకాలం టెలికాం శాఖ చేతిలో ఉండేది. భారతీయ వాయుయాన్ అధినియమ్, 2024 వచ్చాక అదీ డీజీసీఏకి మారింది. కాబట్టి పాత సీనియర్లు చెప్పే పద్ధతి పట్టుకోకుండా డీజీసీఏ వెబ్‌సైటే చూడండి.

ఇక్కడ కావలసింది ఐఐటీ లెక్కలు కాదు, తప్పు లేకుండా త్వరగా చేసే లెక్కలు. ఒక ఉదాహరణ. మేం "వన్ ఇన్ సిక్స్‌టీ" అంటాం: దారి ఒక డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్ళ తర్వాత ఒక మైలు పక్కన ఉంటారు (నాటికల్ మైలు అంటే దాదాపు 1.85 కిలోమీటర్లు). శంషాబాద్ నుంచి వరంగల్‌కు ఆకాశమార్గంలో దాదాపు 80 నాటికల్ మైళ్ళు. ఐదు డిగ్రీలు తప్పారనుకోండి. 80ని 60తో భాగించి 5తో గుణిస్తే 6.7 మైళ్ళు, అంటే 12 కిలోమీటర్లు. కోట మీదుగా రావాల్సినవాళ్ళు కోటకు 12 కిలోమీటర్ల అవతల తేలతారు. ఈ లెక్క కాగితం లేకుండా, చెయ్యి కంట్రోల్ మీద ఉండగా, చెవిలో రేడియో మోగుతుండగా చేయగలగాలి. ఇంటి దగ్గరే సాధన మొదలుపెట్టండి.

నా సలహా: ఫ్లయింగ్ మొదలయ్యేలోపే ఈ పేపర్లు వీలైనన్ని పూర్తిచేయండి. పొద్దున విమానం ఎక్కి, రాత్రి మెటియరాలజీ చదవడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

తెలుగు మీడియం చదివాం మేడం, ఇంగ్లిష్ రాదు

జనగామ నుంచి, ములుగు నుంచి వచ్చే పిల్లలు ఈ మాట తల దించుకుని అడుగుతారు. తల ఎత్తి వినండి. రేడియోలో మాట్లాడేది సాహిత్యం కాదు. టవరు చెప్పింది విని, రన్‌వే నంబరు, ఎత్తు, ఫ్రీక్వెన్సీ తప్పులేకుండా తిరిగి చెప్పడం, అంతే. వాక్యాలు పొట్టివి, చాలావరకు ముందే నిర్ణయించినవి. యాసతో ఇబ్బంది లేదు, స్పష్టత లేకపోతేనే ఇబ్బంది. అయితే మామూలు మాటలు సరిపోని అత్యవసర పరిస్థితిని కూడా ఇంగ్లిష్‌లో వివరించగలగాలి. అందుకే భాషా పరీక్షలో కనీసం లెవెల్ 4 అడుగుతారు. పుస్తకాలూ ఇంగ్లిష్‌లోనే. రోజూ ఒక పేజీ గట్టిగా చదివి, చదివింది సొంత మాటల్లో ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. ఏడాది చేస్తే తేడా మీకే వినిపిస్తుంది.

ఏ స్కూల్లో చేరాలి?

పేరు చెప్పమంటారు, నేను చెప్పను. ఏం అడగాలో చెబుతాను. డీజీసీఏ ఆమోదించిన స్కూళ్ళ జాబితాలో ఉందా? 2025 నుంచి డీజీసీఏ స్కూళ్ళకు ర్యాంకింగు ఇస్తోంది, అందులో ఎక్కడుంది? ఇవాళ ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి? షెడ్డులో ఉన్నవి లెక్కలోకి రావు. ఎందరు విద్యార్థులు, ఎందరు ఇన్‌స్ట్రక్టర్లు? పోయిన నెల స్కూలు మొత్తం ఎన్ని గంటలు ఎగిరింది? ఆ గంటలను విద్యార్థుల సంఖ్యతో భాగించండి. నెలకు మనిషికి ఐదారు గంటలే వస్తుంటే, కమర్షియల్ లైసెన్సుకు ఎగరాల్సిన 200 గంటలకు మూడేళ్ళు పడుతుంది. బ్రోషరు చెప్పని నిజం ఈ ఒక్క భాగహారంలో ఉంటుంది.

తర్వాత ఆఫీసులోంచి బయటికొచ్చి, అక్కడ సగం కోర్సులో ఉన్న పిల్లలతో ఛాయ్ తాగండి. జగిత్యాల వైపు ఒక కుటుంబం మొత్తం ఫీజు ఒకేసారి కట్టింది. విమానాలు రిపేర్లలో ఉండి, అబ్బాయి నెలలకొద్దీ హాస్టల్లో కూర్చున్నాడు. గంటలు ఎగిరినకొద్దీ వాయిదాల్లో కట్టే ఒప్పందం రాయించుకోండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద ఉండాలి.

ప్రభుత్వ సంస్థ అంటే ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇగ్రువా, అంటే ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ. ప్రవేశ పరీక్ష ఉంటుంది: ఇంగ్లిష్, మ్యాథ్స్, ఫిజిక్స్, రీజనింగ్. మనకు దగ్గరలో బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. విదేశాల్లో గంటలు త్వరగా అవుతాయి, కానీ తిరిగొచ్చి ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవాలి. ఆ ఖర్చు, ఆ సమయం కూడా లెక్కలో వేయండి.

మొత్తం ఎంత అవుతుంది?

కమర్షియల్ లైసెన్సుకు ఈ రోజుల్లో 50 నుంచి 60 లక్షల దాకా. తర్వాత ఎయిర్‌బస్ 320 లేదా బోయింగ్ 737 లాంటి ఒక రకం విమానానికి టైప్ రేటింగ్, అంటే ఆ విమానం నడపడానికి విడిగా తీసుకునే అర్హత. అది 15 లక్షల పైమాటే. ఎయిర్‌లైన్లే పిల్లల్ని ఎంచుకుని ట్రైనింగ్ ఇప్పించే క్యాడెట్ ప్రోగ్రాముల్లో మొత్తం కలిపి కోటి దాటేవీ ఉన్నాయి.

60 లక్షలు 11 శాతం వడ్డీకి పదేళ్ళ అప్పు తీసుకుంటే నెల వాయిదా 82 వేల పైన పడుతుంది. ట్రైనింగ్ కాలపు వడ్డీ దీనికి అదనం. లైసెన్సు రాగానే ఉద్యోగం రాదు. ఏడాది, రెండేళ్ళు ఖాళీగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ రెండేళ్ళు ఇల్లు గడిచే దారి ఉందా అని ముందు మాట్లాడుకోండి. ఉన్న ఒక్క చెల్క అమ్మి ఈ చదువుకు పంపమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. చెల్లెలి పెళ్ళి, అమ్మ మందులు అన్నీ ఆ చెల్క మీదే ఉంటాయి.

ఆ 200 గంటల్లో ఏం చేస్తారు?

సెస్నా 152, 172, డైమండ్ లాంటి చిన్న విమానాల మీద మొదలు. పదిహేను, ఇరవై గంటలయ్యాక ఒకరోజు ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయి "నువ్వొక్కడివే ఒక చుట్టు తిరిగి రా" అంటారు. అదే ఫస్ట్ సోలో. పక్క సీటు ఖాళీగా ఉండటం వల్ల బరువు తగ్గి, విమానం అలవాటైనదానికన్నా తొందరగా పైకి లేస్తుంది. దానికి సిద్ధంగా ఉండండి.

మొత్తం 200 గంటల్లో 100 మీరే కమాండర్‌గా ఉండాలి. 20 గంటలు ఊరు దాటి వెళ్ళే ప్రయాణాలు, అందులో ఒకటి కనీసం 300 నాటికల్ మైళ్ళది, దారిలో రెండు వేరే విమానాశ్రయాల్లో దిగుతూ. పరికరాలు మాత్రమే చూసి నడిపేది 10 గంటలు, రాత్రిపూట 5 గంటలు. లాగ్‌బుక్కు ఏ రోజుది ఆ రోజే రాయండి. లేని గంటలు రాయడం నేరం, ఎయిర్‌లైన్‌లో చేరాక బయటపడినా లైసెన్సు పోతుంది.

ఉద్యోగంలో ముందు ఫస్ట్ ఆఫీసర్, అంటే కుడి సీటు. 1,500 గంటలు దాటి ఏటీపీఎల్, అంటే ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు, తీసుకున్నాక కమాండ్ వైపు, అంటే కెప్టెన్ సీటు వైపు, దారి తెరుచుకుంటుంది. ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే నమూనా కాక్‌పిట్‌లో, పరీక్ష. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ విద్యార్థిగానే ఉంటారు.

బిడ్డా, విమానం దానంతటదే పోతదట గదా?

మా వీధిలో పెద్దవాళ్ళు అడిగే మాట. ఆటోపైలట్ మేం చెప్పిన ఎత్తు, దిశ, వేగం పట్టి ఉంచుతుంది. ఏ ఎత్తు, ఏ దిశ అన్నది మేం చెప్పాలి. టేకాఫ్ చేతితోనే చేస్తాం, చాలా ల్యాండింగులూ అంతే. ఢిల్లీ పొగమంచు లాంటప్పుడు ఆటోమేటిక్ ల్యాండింగు వాడతాం. అప్పుడు మా పని తగ్గదు, కనిపెట్టుకుని ఉండాల్సింది పెరుగుతుంది.

కుదుపులకు రెక్కలు విరగవు. విమానం జీవితంలో ఎదురవ్వొచ్చనుకునే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుంటాయని నిరూపించాకే అనుమతి ఇస్తారు. దెబ్బలు తగిలేది బెల్టు పెట్టుకోనివాళ్ళకు. ఒక ఇంజిను ఆగినా రెండోదానితో ఎగరగలం, దిగగలం. ప్రతి సిమ్యులేటర్ పరీక్షలోనూ అది చేయిస్తారు.

నేను నిజంగా జాగ్రత్తపడేది ఏప్రిల్, మే నెలల్లో మన తెలంగాణ మీద లేచే ఉరుము మేఘాలకు. మధ్యాహ్నం దాకా ఎండ మండి, సాయంత్రానికి వడగండ్లు పడే రోజులవి. ఆ మేఘాలు మేం ఎగిరే 35 వేల అడుగుల కన్నా పైకి పోతాయి. రాడార్‌లో చూసి 20 నాటికల్ మైళ్ళ ఎడం ఉంచడానికి ప్రయత్నిస్తాం. అందుకే విమానం చుట్టు తిరుగుతుంది, గాల్లో ఒకేచోట గుండ్రంగా తిప్పుతారు, ఒక్కోసారి విజయవాడకో బెంగళూరుకో మళ్ళిస్తారు. వేరే ఊరికి మళ్ళడానికి, ఆపైన అరగంట ఎగరడానికి సరిపడా ఇంధనం లేకుండా బయల్దేరం. అలా మళ్ళించినప్పుడు లోపల కూర్చున్నవాళ్ళు కోప్పడతారు. కోప్పడనీయండి, దిగాక ఇంటికి వెళ్తారు.

మామునూరు తెరిస్తే మనోళ్ళకు కొలువులొస్తయా?

వరంగల్ పక్కన నిజాం కాలంలో కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు నుంచి 1981 వరకు విమానాలు నడిచాయి. మళ్ళీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇక్కడ ఎయిర్‌పోర్టు ఉన్నంతమాత్రాన పైలట్ ఉద్యోగం ఇక్కడివాళ్ళకే రాదు, ఆ కొలువు ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. కానీ విమానాల చుట్టూ ఇంకా పనులున్నాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పెట్టే పరీక్ష రాసి, నేల మీది నుంచి విమానాలకు దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావచ్చు, ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ లేదా ఇంజినీరింగ్ ఉంటే చాలు. విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరు కోర్సుకు పైలట్ ట్రైనింగ్ కన్నా ఎంతో తక్కువ ఖర్చవుతుంది. విమానం టెక్నికల్ లాగ్‌బుక్కులో వాళ్ళు సంతకం పెట్టకపోతే నేను ఇంజిను స్టార్ట్ చేయలేను. అరవై లక్షలు తేలేని ఇంట్లో పుట్టి, విమానమంటే ప్రాణం పెట్టే పిల్లలకు నేను ముందు ఈ రెండు దారులే చూపిస్తున్నాను.