ఫుగ్తాల్ గుహారామానికి బయలుదేరే ముందు

లద్దాఖ్‌లోని జంస్కార్‌లో, నదికి ఎంతో ఎత్తున, నిట్టనిలువు కొండలో నోరు తెరుచుకున్న ఒక గుహను ఆనుకుని ఫుగ్తాల్ ఆరామం ఉంది. తపస్సు చేసుకునేవారు ఏనాటి నుంచో తలదాచుకున్న ఆ గుహ దగ్గర 15వ శతాబ్ది తొలినాళ్లలో జంగ్సెం షెరప్ జంగ్పో గెలుగ్ అనే టిబెటన్ బౌద్ధ శాఖకు చెందిన ఈ గొంపాను (ఆరామాన్ని) నెలకొల్పారని చెబుతారు. మట్టి, రాయి, కర్రలతో కట్టిన భిక్షువుల గదులు గుహ నోటి నుంచి కిందికి ఒకదాని మీద ఒకటిగా వేలాడుతుంటాయి. గుహ లోపల ఊట ఉంది. 1825–26 కాలంలో ఇక్కడ ఉండి టిబెటన్ భాషను అధ్యయనం చేసిన హంగరీ పండితుడు చోమా ద కోరోష్ పేరిట ఒక శిలాఫలకం కూడా కనిపిస్తుంది.

ఈ ప్రయాణంలో అందరూ భయపడేది కొండ అంచున సాగే కాలిబాటకు. భయపడవలసింది మాత్రం తొందరకు. ఆరామం సుమారు 3,850 మీటర్ల ఎత్తున ఉంది; అక్కడి పలుచని గాలికి ఒళ్లు నెమ్మదిగా అలవాటుపడాలి. హైదరాబాద్ నుంచి విమానంలో లేహ్ చేరినవారు ఒక్కరోజులోనే దాదాపు 3,000 మీటర్లు ఎక్కినట్లు లెక్క కాబట్టి, అక్కడ కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందురోజు కంటే 500 మీటర్లకు మించి పెరగకూడదు. మనాలి నుంచి 5,000 మీటర్లు దాటిన షింకు లా కనుమ మీదుగా బైకుపై ఒక్క ఊపులో వచ్చేవారు ఈ నియమాన్ని బొత్తిగా పట్టించుకోరు. తలనొప్పితోపాటు వాంతులుంటే ఇంకా పైకి వెళ్లకూడదు. నడకలో తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా వెంటనే కిందికి దిగాలి. చిక్కంతా ఇక్కడే ఉంది: మనాలి దారిలోని దార్చా వైపు వెళ్లినా, కార్గిల్ వైపు వెళ్లినా ముందు ఎత్తైన కనుమ ఎక్కిగాని దిగలేము. అందువల్ల ఒంట్లో అనుమానం ఉంటే లోయలోకి రాకముందే ఆగిపోవడం మేలు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, ఎత్తు జబ్బు రాకుండా అసిటజోలమైడ్ మందు వాడదలచినవారు ఇంటి దగ్గరే వైద్యుణ్ణి సంప్రదించాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

దగ్గరి ఊరైన పుర్నే వైపు నుంచి చివరి నడకను ఉదయాన్నే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి, గాలికి పైనుంచి రాళ్లు జారుతాయి. 2014 చివర్లో కొండచరియ విరిగి ఫుగ్తాల్ నదికి అడ్డుపడగా ఏర్పడిన సరస్సు 2015 మే నెలలో తెగి, వంతెనలను తుడిచిపెట్టింది. కాబట్టి వంతెన ఉందో లేదో, దారి తెరిచారో లేదో జంస్కార్ ముఖ్య పట్టణమైన పదుంలో అడిగి తెలుసుకున్నాకే కదలాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకుండా ఎప్పటికి తిరిగివస్తారో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. నగదు, చలి దుస్తులు, నల్ల కళ్లద్దాలు వెంట ఉండాలి.

ఆరామంలో భిక్షువులు నివసిస్తారు, పిల్లలు చదువుకుంటారు. పూజా మందిరంలోకి చెప్పులతో వెళ్లకూడదు, అడగకుండా ఫొటోలు తీయకూడదు. దారిలోని మణి గోడలను (మంత్రాలు చెక్కిన రాళ్లు పేర్చిన గోడలు), స్తూపాలను మన ప్రదక్షిణలో లాగే కుడివైపున ఉంచుకుని నడవాలి. శ్రీపర్వతంతో ముడిపడిన నాగార్జునుడి మాధ్యమిక (శూన్యవాద) దర్శనం గెలుగ్ శాఖ చదువుల్లో ముఖ్యమైనది కనుక, తెలుగువారికి ఇక్కడ మాట కలపడానికి అదొక మంచి మిష. అయితే పాఠం, పూజ జరుగుతున్నప్పుడు మాత్రం గడప బయటే ఆగాలి.