అడినైలోసక్సినేట్ లయేజ్ చర్యను తప్పు లేకుండా రాసే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు వైద్య కళాశాలల్లో మొదటి సంవత్సరం చదివే విద్యార్థులు ప్యూరిన్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలలోని అడినైన్, గ్వానైన్ వంటి క్షారాల) నిర్మాణ మార్గాన్ని కంఠస్థం చేసే ముందు, ఆ మార్గానికి ప్రారంభ పదార్థమైన పీఆర్‌పీపీ (ఫాస్ఫోరైబోసిల్ పైరోఫాస్ఫేట్) నుంచి లెక్కిస్తే 8వ దశ అయిన, అడినైలోసక్సినేట్ లయేజ్ అనే ఎంజైమ్ జరిపే ఈ చర్యను చేత్తో గీసి చూడటం అవసరం.

ముందుగా ఈ చర్యలో ఎంజైమ్ విడగొట్టే సైకార్ (SAICAR) అణువును గీసి, దాని అమైడ్ నత్రజనికి అంటుకొని ఉన్న నాలుగు కార్బన్ల సక్సినైల్ భాగాన్ని గుర్తించండి. ఆ నత్రజని ముందటి దశలో ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం నుంచి వచ్చింది; శక్తినిచ్చే ఏటీపీ ఖర్చయిందీ అక్కడే కాబట్టి ఇక్కడ ఏటీపీని రాయకూడదు. ఇది జలవిశ్లేషణ (నీటితో బంధాన్ని తెంచే చర్య) కాదు గనుక నీటినీ చేర్చకూడదు. ఎంజైమ్ సక్సినైల్ భాగంలోని ఒక కార్బన్ నుంచి ప్రోటాన్‌ను తీసివేయగా, పక్క కార్బన్‌కూ నత్రజనికీ మధ్య బంధం తెగి, ఆ రెండు కార్బన్ల నడుమ ద్విబంధం ఏర్పడుతుంది. సక్సినైల్ భాగం పోగా ఐకార్ (AICAR) మిగులుతుంది, ఆ భాగం ఫ్యూమరేట్‌గా విడుదలవుతుంది. ఫ్యూమరేట్‌లోని కార్బాక్సిలేట్లను ద్విబంధానికి ఎదురెదురు వైపుల గీయండి. ఒకే వైపు గీస్తే అది మాలియేట్ అవుతుంది.

ఇదే ఎంజైమ్ అడినైలోసక్సినేట్‌ను ఏఎంపీ (అడినోసిన్ మోనోఫాస్ఫేట్)గానూ మారుస్తుంది. చాలామంది వదిలేసే ఈ రెండో చర్యను తప్పక పక్కనే రాయండి, ఎందుకంటే ఎంజైమ్ లోపిస్తే సైకార్, అడినైలోసక్సినేట్ రెండూ పేరుకుంటాయి. 1984లో తొలిసారి వర్ణితమైన ఈ అంతర్గత (తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బయటపడే) జన్యులోపం పిల్లల్లో మూర్ఛలకు, ఎదుగుదల మాంద్యానికి దారితీస్తుంది. మేనరికాలున్న మన ప్రాంతంలో దీన్ని గుర్తుంచుకోవాలి. రక్తంలో యూరిక్ ఆమ్లం సాధారణంగానే ఉంటుంది కనుక దాన్ని బట్టి లోపం తెలియదు; పేరుకున్న ఆ రెండు పదార్థాల నుంచి ఫాస్ఫేట్ పోగా ఏర్పడే సక్సినైల్ అడినోసిన్, సైకా రైబోసైడ్‌ల కోసం మూత్రాన్ని పరీక్షించాలి.