బోల్టా, సెమీ ఆటోనా: అమెరికా వెళ్లి వేటకు రైఫిల్ కొనే మనవాళ్లకు

మారతహళ్లిలో మేం టీ తాగే చోట మూణ్నెల్లకోసారి ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, "అన్నా, టెక్సాస్ వెళ్తున్నా, అక్కడ వేటకు రైఫిల్ కొనాలంటే బోల్ట్ యాక్షన్ మంచిదా, సెమీ ఆటోమేటికా?" అని. బోల్ట్ అంటే ఒక్కో తూటాకూ చేత్తో పిడి లాగాల్సినది, సెమీ ఆటో అంటే తర్వాతి తూటా తనంతట తానే లోపలికి వచ్చేది. డాలస్ దగ్గర ఆరేళ్లు ఉండి, నాలుగు సీజన్లు వేటకు తిరిగి, రెండు రకాలూ వాడి, రెండూ అక్కడే అమ్మేసి బెంగళూరు వచ్చేసినవాణ్ని కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

ఇదంతా అక్కడి సంగతి అని గుర్తుంచుకోండి. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, బన్నేరుఘట్ట దగ్గర కుందేలును కొట్టినా కేసే.

తుపాకి సంగతి తర్వాత, ముందు మీ వీసా చూసుకోండి. హెచ్1బి అయినా, ఎఫ్1 అయినా, విజిటర్ వీసా అయినా అన్నీ నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలే, వాటి మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి, మనలాంటివాళ్లకు పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్, అది కూడా గడువు తీరనిది. టెక్సాస్‌లో ఆ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న అది రెన్యూ కాలేదు, రైఫిల్ మాత్రం మీ బీరువాలో ఉంది అంటే ఇక టెన్షనే. ఇంకో చిక్కుంది. 2019 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు, అందుకని అక్కడి స్నేహితులు "ఏం కాదు, వచ్చెయ్" అంటారు. వాళ్లకు ఏం కాదు. మీరు తుపాకి పట్టుకోవాలంటే మాత్రం ఆ లైసెన్స్ ఉండాల్సిందే.

తర్వాత రాష్ట్రం. పెన్సిల్వేనియాలో జింకల వేటకు సెమీ ఆటో రైఫిల్ పనికిరాదు, కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. ఫ్లోరిడాలో జింకలకు వాడే సెమీ ఆటోలో 5 తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ (తూటాల పెట్టె) ఉండకూడదు. వర్జీనియాలో .23 అంగుళం కన్నా సన్నని తూటాతో జింకను కొట్టకూడదు, అంటే అందరి దగ్గరా కనిపించే .223 ఏఆర్ (ఏఆర్ 15 రకం సెమీ ఆటో రైఫిల్) అక్కడ జింకలకు చెల్లదు. అమెరికా కాక ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ వెళ్లేవాళ్లు సెమీ ఆటో మాట మర్చిపోండి, 1996లో పోర్ట్ ఆర్థర్‌లో జనం మీద జరిగిన కాల్పుల తర్వాత మామూలు జనానికి అక్కడ అవి దాదాపు దొరకవు.

ఇక అసలు తేడా. బోల్ట్ యాక్షన్‌లో ఒక తూటా పేల్చాక పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి నొక్కితే గానీ రెండో తూటా లోపలికి రాదు. సెమీ ఆటోలో పేలిన గ్యాసో, తుపాకి వెనక్కి తన్నే ఆ తన్నుడో ఆ పని చేసిపెడుతుంది, మీరు మళ్లీ ట్రిగ్గర్ నొక్కడమే. నొక్కి పట్టుకుంటే వరసగా పేలుతూ పోతుంది అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, అది మెషిన్ గన్, ఇది కాదు. ఒక నొక్కుకు ఒకటే తూటా.

నేను మొదట కొన్నది సెమీ ఆటోనే. రెండో అవకాశం ఉంటుంది కదా అన్న ధీమా. మొదటి నవంబరులో ఎనభై గజాల దూరంలో జింక నిలబడితే మూడు తూటాలు పేల్చాను, మూడూ పోయాయి, అది తోక ఎత్తుకుని చెట్లలోకి వెళ్లిపోయింది. అంతకన్నా సిగ్గుపడింది ఆ తర్వాత: "చూశారా!" అంటూ తుపాకితో సహా పక్కకు తిరిగాను, లోపల నాలుగో తూటా సిద్ధంగా ఉందన్న సంగతే గుర్తులేదు. పక్కనున్న పెద్దాయన నా బ్యారెల్‌ను చేత్తో నేలకు దించి, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బోల్ట్ అయితే, పేల్చాక మీరు పిడి కదిలించేదాకా లోపల ఉన్నది పేలిన తూటా ఖాళీ తొడుగే. పిడితో ఉండే ఆ బోల్ట్ ముక్కను పూర్తిగా బయటికి తీసేస్తే తుపాకి పేలే ప్రశ్నే లేదు, కారులో పెట్టేటప్పుడు ఎవరైనా చూసి చెప్పగలరు. కొత్తవాళ్లకు నేను బోల్టే చెప్పడానికి సగం కారణం ఇదే.

గురి విషయానికొస్తే, బోల్టే సూటిగా కొడుతుంది అనేది పాత మాట. కొంత నిజమే, కానీ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల పళ్లెం అంత ఉంటుంది, వంద గజాల్లో ఈ రోజుల్లో మంచి సెమీ ఆటో ఏదైనా ఆ పళ్లెం దాటదు. దాటేది మన చెయ్యి. ట్రిగ్గర్‌ను గుంజడం, శబ్దానికి ముందే కళ్లు మూసుకోవడం, ఇవి ఏ తుపాకీ బాగుచెయ్యదు. ఒక్కో తూటాకూ చేత్తో పని చేయాల్సి రావడం వల్ల బోల్ట్ మనిషిని కాస్త నిదానం చేస్తుంది, నాకైతే చేసింది.

సెమీ ఆటో గెలిచేది పందుల దగ్గర. అవి మందగా వస్తాయి, పొలాన్ని దున్నేస్తాయి, రైతుకు ఎన్ని పోతే అంత మంచిది, మొదటి చప్పుడుకే చెల్లాచెదురవుతాయి. అక్కడ పిడి లాగుతూ కూర్చుంటే ఒక్కటే దక్కుతుంది. భుజం నొప్పి ఉన్నవాళ్లకు కూడా గ్యాస్‌తో నడిచేది నయం, తన్నుడు కొంత తగ్గుతుంది. కాకపోతే బరువు ఎక్కువ, లోపల మసి పేరుకుంటుంది, శుభ్రం చేయడానికి బద్ధకిస్తే సరిగ్గా కావలసిన రోజే ఇరుక్కుంటుంది. డబ్బు లెక్క కూడా చూడండి: రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి బోల్ట్‌లు ఐదొందల డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి, బ్రౌనింగ్ బార్ లాంటి వేట సెమీ ఆటో వెయ్యి దాటుతుంది. ఆ మిగిలింది స్కోప్ మీద, తూటాల మీద పెట్టండి.

తూటా సైజు ఏది అంటే .308 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ, ఎక్కువ ఆలోచించొద్దు. సన్నగా ఉన్నవాళ్లు, తన్నుడంటే భయం ఉన్నవాళ్లు .243 తీసుకోండి. మందు, తన్నుడు రెండూ ఎక్కువుండే పెద్ద మ్యాగ్నమ్ తూటాల జోలికి పోవద్దు, షాపువాడు ఎంత ఊరించినా సరే.

ఎడమచేతివాటం వాళ్లు షాపులోనే ఎత్తి, భుజానికి ఆనించి చూసుకోండి. మామూలు బోల్ట్‌కు పిడి కుడివైపు ఉంటుంది, సెమీ ఆటో అయితే వేడి తొడుగులు మీ ముఖం ముందు నుంచే ఎగిరిపోతాయి. ఎడమచేతి బోల్ట్‌లు విడిగా అమ్ముతారు, అడగండి. ఫ్లైట్ ఎక్కే లోపు ఖాళీ ఉంటే ఇక్కడే ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో చేరిపోండి, 0.177 బోరు, 20 జూళ్ల లోపు ఎయిర్ రైఫిల్‌కు మన దగ్గర లైసెన్స్ కూడా అక్కర్లేదు, నాలుగు వారాలు ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఒక్కటే నేర్చుకున్నా నాలా మూడు తూటాలు గాల్లోకి పోవు.