ఫోన్ కలిపినా క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీలో కనబడట్లేదా? సమస్య - పరిష్కారం

ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరిచిన పేజీని కంప్యూటర్‌లోని క్రోమ్ డెవ్‌టూల్స్‌తో (పేజీ లోపలి కోడ్‌ను చూపే టూల్స్) డీబగ్ చేసేవాళ్లకు, అంటే తప్పులు వెతికి సరిచేసేవాళ్లకు ఇది. బిల్డ్ నంబర్‌ను 7 సార్లు నొక్కడం, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయడం, ఇన్‌స్పెక్ట్ పేజీలో (క్రోమ్ అడ్రస్ బార్‌లో chrome://inspect) "డిస్కవర్ యూఎస్‌బీ డివైజెస్" టిక్ పెట్టడం అయిపోయాయనే అనుకుంటున్నాను.

ఫోన్ ఛార్జ్ అవుతోంది, కంప్యూటర్‌కు మాత్రం తెలియట్లేదు

కేబుల్ మార్చండి. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేసి, ఫోన్ రీసెట్ దాకా వెళ్లి, చివరికి కేబుల్ మార్చేవాళ్లే ఎక్కువ. ఆ వరుస తిరగేయండి. ఛార్జింగ్‌కు రెండు తీగలు చాలు, డేటాకు ఇంకో రెండు కావాలి. పవర్ బ్యాంకులతో, చిన్న గాడ్జెట్లతో వచ్చే కేబుళ్లు చాలావాటిలో ఆ రెండూ ఉండవు. "నిన్నటిదాకా ఇదే కేబుల్‌తో ఛార్జ్ చేశాను" అంటే అది డేటాకు పనికొస్తుందని కాదు. నోటిఫికేషన్‌లో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. విండోస్‌లో ఫోన్ స్టోరేజ్ తెరుచుకుంటే, మ్యాక్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని యూఎస్‌బీ జాబితాలో ఫోన్ కనబడితే కేబుల్ మంచిదే. ఇది తేలేదాకా మిగతావేవీ ముట్టుకోకండి.

కేబుల్ బాగుంది, అయినా ఫోన్ రావట్లేదు

టెర్మినల్‌లో "ఏడీబీ డివైజెస్" (adb devices) కమాండ్ ఇవ్వండి. ఏడీబీ అంటే కంప్యూటర్ నుంచి ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాట్లాడే గూగుల్ టూల్, ప్లాట్‌ఫామ్ టూల్స్‌లో వస్తుంది. దాని జవాబే దారి చెబుతుంది.

"అన్‌ఆథరైజ్డ్" అని వస్తే ఫోన్ మీ అనుమతి కోసం ఆగి ఉంది. స్క్రీన్ లాక్‌లో ఉంటే ఆ ప్రశ్న మీ కంటపడదు. లాక్ తీసి, కేబుల్ పీకి పెట్టి, "ఆల్వేస్ అలో" టిక్ చేసి ఓకే నొక్కండి. ప్రశ్న అసలే రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో "రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్" నొక్కి మళ్లీ కలపండి. ఆండ్రాయిడ్ 11 నుంచి, 7 రోజులు కలపని కంప్యూటర్‌కు ఇచ్చిన అనుమతి దానంతటదే పోతుంది. సెలవు తర్వాత ఆఫీసుకొచ్చి "ఏమీ మార్చలేదే" అనేవాళ్ల సంగతి చాలాసార్లు ఇదే. ఆ గడువు వద్దనుకుంటే "డిజేబుల్ ఏడీబీ ఆథరైజేషన్ టైమౌట్" ఆన్ చేసుకోండి.

"నో పర్మిషన్స్" లినక్స్‌లో వస్తుంది. యూడెవ్ రూల్స్ (యూఎస్‌బీ పరికరాలను ఎవరు వాడొచ్చో చెప్పేవి) లేవన్నమాట. ఉబుంటులో ఆండ్రాయిడ్ ఎస్‌డీకే ప్లాట్‌ఫామ్ టూల్స్ కామన్ ప్యాకేజీ వేసి, మీ యూజర్‌ను ప్లగ్‌డెవ్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి రండి.

ఫోన్ కనబడుతుంది, మాయమవుతుంది, మళ్లీ వస్తుంది

జనాన్ని రోజుల తరబడి తిప్పేది ఇదే. టెర్మినల్‌లో ఫోన్ ఉంటుంది, క్రోమ్‌లో ఉండదు. లేదా ఇన్‌స్పెక్ట్ నొక్కిన కొన్ని సెకన్లకే కనెక్షన్ తెగిపోతుంది. కేబుల్ వదులైందనిపిస్తుంది, ఫోన్ పాడైందనిపిస్తుంది. రెండూ కావు. మీ కంప్యూటర్‌లో రెండు ఏడీబీలు కొట్టుకుంటున్నాయి.

ఏడీబీలో రెండు భాగాలుంటాయి. మీరు కమాండ్ ఇచ్చేది క్లయింట్. వెనకాల 5037 పోర్టులో కూర్చుని ఫోన్‌తో మాట్లాడేది సర్వర్. క్లయింట్ వెర్షన్, నడుస్తున్న సర్వర్ వెర్షన్ ఒకటి కాకపోతే క్లయింట్ ఆ సర్వర్‌ను చంపేసి తన సర్వర్‌ను లేపుతుంది. ఆండ్రాయిడ్ స్టూడియో తన ఏడీబీ తెచ్చుకుంటుంది. ఎమ్యులేటర్లు (కంప్యూటర్‌లోనే ఆండ్రాయిడ్‌ను నడిపేవి), ఫోన్ స్క్రీన్‌ను కంప్యూటర్‌లో చూపే టూల్స్, ఫోన్ కంపెనీల పీసీ సాఫ్ట్‌వేర్ తలా ఒకటి తెచ్చుకుంటాయి. వాటిలో ఒకటి పాతదైతే చాలు, ఒకదాన్నొకటి చంపుకుంటూ పోతాయి. ప్రతిసారీ ఫోన్ కనెక్షన్ తెగుతుంది. ఫోన్‌లోని డీబగ్గింగ్ ఇంటర్‌ఫేస్‌ను ఒకసారికి ఒక్క ప్రోగ్రామే పట్టుకోగలదు కాబట్టి మధ్యలో క్రోమ్‌కు అవకాశం దొరకదు.

"సర్వర్ వెర్షన్ ఈ క్లయింట్‌తో సరిపోలడం లేదు, చంపుతున్నాను" అనే అర్థంతో టెర్మినల్‌లో ఇంగ్లిష్ వాక్యం వస్తే అనుమానమే అక్కర్లేదు. ఆ లైనును చదవకుండా దాటేస్తారు, ఎందుకంటే కిందనే "సర్వర్ స్టార్టయింది" అని కూడా ఉంటుంది. రాకపోతే ఇలా తేల్చుకోండి: ఆ టూల్స్ అన్నీ మూసి, "ఏడీబీ కిల్-సర్వర్" ఇచ్చి, క్రోమ్ ఒక్కటే తెరిచి 2 నిమిషాలు చూడండి. ఫోన్ నిలకడగా ఉంటే తప్పు మూసినవాటిలోనే ఉంది. ఒక్కొక్కటే తెరుస్తూ పోండి.

దొంగను పట్టడానికి విండోస్‌లో టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో ఏడీబీ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఫైల్ లొకేషన్" నొక్కండి. ఏ ఫోల్డర్ తెరుచుకుంటే ఆ టూల్‌దే ఆ ఏడీబీ. మ్యాక్, లినక్స్‌లలో "విచ్" కమాండ్‌కు హైఫన్ ఏ తగిలించి ఏడీబీ అని అడిగితే పాత్‌లో (టెర్మినల్ కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్లలో) ఉన్న కాపీలన్నీ చూపిస్తుంది. టూల్ లోపల దాక్కున్నవి మాత్రం ఇందులో రావు.

పరిష్కారం ఒక్కటే: అందరికీ ఒకే ఏడీబీ. గూగుల్ ప్లాట్‌ఫామ్ టూల్స్ కొత్తది దించుకుని "ఏడీబీ వెర్షన్" ఇవ్వండి, 1.0.41 అని వస్తుంది. మిగతా కాపీల్లో 1.0.36, 1.0.39 లాంటివి కనబడితే అవే గొడవకు మూలం. ఎమ్యులేటర్ సెట్టింగ్స్‌లో ఏడీబీ పాత్ అడిగే చోట ఈ కొత్త ఫోల్డరే ఇవ్వండి. ఫోన్ స్క్రీన్ చూపించే scrcpy అయితే, ADB పేరుతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టి అందులో ఈ కొత్త ఏడీబీ పాత్ ఇస్తే దాన్నే వాడుతుంది. పాత్ అడగని టూల్ అయితే, పని ఉన్నప్పుడే తెరవండి లేదా తీసేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, ఆ టూల్ మళ్లీ లేవగానే కథ మొదటికొస్తుంది. అందుకే రీస్టార్ట్‌ను పరిష్కారం అనుకోకండి.

ఫోన్ పేరు ఉంది, ట్యాబులు లేవు

ఫోన్‌లో క్రోమ్ తెరిచి ముందుకు తీసుకురండి. మీరు చూడాల్సింది యాప్ లోపలి వెబ్‌వ్యూ (యాప్‌లోనే వెబ్ పేజీ చూపించే భాగం) అయితే, యాప్ కోడ్‌లో వెబ్ కంటెంట్స్ డీబగ్గింగ్‌ను ఎనేబుల్ చేసిన బిల్డ్ కావాలి. ప్లే స్టోర్ నుంచి దించుకున్న యాప్‌లో అది మామూలుగా ఉండదు.

ఇన్‌స్పెక్ట్ నొక్కితే తెల్ల విండో

ఫోన్ క్రోమ్ వెర్షన్‌కు సరిపడే డెవ్‌టూల్స్‌ను కంప్యూటర్ నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఆఫీస్ ఫైర్‌వాల్ అడ్డుపడితే తెల్ల పేజీ మిగులుతుంది. పక్కనే ఉన్న "ఇన్‌స్పెక్ట్ ఫాల్‌బ్యాక్" నొక్కండి, రెండు క్రోమ్‌లనూ అప్‌డేట్ చేయండి.

యూఎస్‌బీ హబ్ తీసి నేరుగా కలపడం, విండోస్‌లో ఫోన్ కంపెనీ డ్రైవర్ వేయడం, కొన్ని ఫోన్లలో "ఛార్జింగ్ మాత్రమే" మోడ్ మార్చడం: ఇవి అరుదు, పైవన్నీ అయ్యాకే.