గోదావరి తేమకి పాడయ్యే పాత ఫోటోలు, దస్తావేజులు: సమస్య - పరిష్కారం

పటంలో ఫోటో అద్దానికి అంటుకుపోయింది

కారణం: పాత ఫోటో పైపొర జెలటిన్. తేమకి మెత్తబడి జిగురవుతుంది, ఆరాక అద్దాన్ని పట్టేస్తుంది. జల్లు కొట్టే గోడకి తగిలించిన పటాల్లో ఇది మరీ ఎక్కువ.

పరిష్కారం: బ్లేడు పెట్టి లేపారంటే తాతగారి మొహం అద్దం మీదే ఉండిపోతుంది. ముందు అద్దంతో సహా కాపీ తీయండి. అద్దం తుడిచి, రెండు పక్కల నుంచీ 45 డిగ్రీల వాలులో లైట్లు పెట్టండి. లెన్సు పట్టేంత కన్నం చేసిన నల్ల అట్టని ఫోనుకి అడ్డుపెడితే అద్దంలో మీ నీడ పడదు. నీళ్లలో నానబెడితే ఊడొస్తుందంటారు. కొన్ని నలుపు-తెలుపు ఫోటోలకి అది నిజమే. చేత్తో రంగులద్దినవీ, ఇంక్‌జెట్ ప్రింట్లూ, బూజు పట్టినవీ మాత్రం నీళ్లలో పాడైపోతాయి. కాపీ బాగా వస్తే అసలు దాన్ని కదపకపోవడమే మేలు. కొత్త ఫ్రేము కట్టించేటప్పుడు అద్దానికీ ఫోటోకీ మధ్య, ఫోటో చుట్టూ అంచులా ఉండే మౌంటు అట్ట పెట్టించండి. పటం వెనక మూలల్లో కార్కు ముక్కలు అంటిస్తే గాలి ఆడుతుంది.

కాగితాల మీద బూజు, ముక్క వాసన

కారణం: గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలవడం. జూలై నుంచి నవంబరు తుపాన్ల దాకా కోనసీమలో ఇది మామూలే.

పరిష్కారం: మాస్కు కట్టుకుని, ఆరుబయట నీడలో ఆరబెట్టండి. బూజు పొడిపొడి అయ్యాకే మెత్తటి బ్రష్షుతో దులపాలి. తడిగుడ్డతో తుడిస్తే మరక లోపలికి దిగుతుంది, ఎండలో పెడితే సిరా వెలుస్తుంది. తర్వాత తేమ పీల్చే సిలికా జెల్‌తో గట్టిమూత డబ్బాలో పెట్టండి. వానాకాలంలో మూసిన డబ్బా తేమని లోపలే బంధిస్తుంది. సంక్రాంతి వెళ్లాక, మంచు విడిచిన మధ్యాహ్నం పూట సర్దితే మంచిది.

అంచులు కొరికినట్టు, పైపొర గీకినట్టు

సిల్వర్ ఫిష్ అనే వెండిరంగు పురుగు పని. గంజి, జెలటిన్ దాని తిండి. కాగితాల కట్టని పాలిథిన్ కవర్లో బిగించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పొద్దు, కాగితానికి చెమ్మ పడుతుంది. గాజు నెగటివ్‌లని ఫ్రీజర్లో పెట్టకూడదు.

మడతల దగ్గర చిరిగిన దస్తావేజు

సెలోటేపు వద్దు, జిగురు పసుపెక్కి అక్షరాల్లోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు, మళ్లీ ఊడదీయలేం. మడత విప్పి పాలిస్టర్ కవర్లో చదునుగా పెట్టండి. గుండుసూదులు తీసేయండి. రిజిస్టరైన దస్తావేజైతే సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీసుకుని, లంక గ్రామాల వాళ్లయితే దాన్ని గట్టు దాటి ఉన్న చుట్టాలింట్లో ఉంచండి.